అక్క బడి మానేసింది, నేను చదువుకున్నాను: ఆమె మతిమరుపుకు మూలం మా బాల్యమేనా?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలోని ఒక పల్లె. నాకు 57 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా అక్కకు 65. నేను చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడు మా అమ్మానాన్నలు మేస్త్రీ వెంట శ్రీశైలం ప్రాజెక్టు పనులకు వలస పోయారు. నన్ను ఎత్తుకోవడానికి మనిషి కావాలని మూడో తరగతిలో ఉన్న అక్కను బడి మాన్పించి తీసుకుపోయారు. ఆ తర్వాత ఆమె కూడా అక్కడే ఏళ్ళ తరబడి కంకర కొట్టింది. రోజుకు ఒక పూట గంజి తాగి గడిపిన రోజులు మాకు చాలా ఉన్నాయి. నేను సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ దాకా చదివాను. అక్క మెట్టినిల్లు కర్ణాటక సరిహద్దులో ఉంది, ఇంట్లో కన్నడ, బయట తెలుగు మాట్లాడుతుంది. బావ చనిపోయి ఆరేళ్ళయింది. కొడుకు, కోడలు పొలం పనులకు పోతారు. ఏడాదిన్నరగా ఆమె అడిగిందే అడుగుతోంది, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, పోయిన నెల కిరాణా కొట్టుకు వెళ్ళి ఇంటికి దారి తెలియక వేరే వాడలో ఒక అరుగు మీద కూర్చుండిపోయింది. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. బీపీ ఉందన్నారు గాని మందు సరిగ్గా వేసుకోదు. చెవులు కూడా బాగా వినపడవు. ఒక ఆస్పత్రిలో పరీక్ష పెడితే 30కి 15 వచ్చాయి, డిమెన్షియా అన్నారు. చిన్నతనంలో పేదరికం అనుభవించినవారికి పెద్ద వయసులో ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆకలి, చదువు మానడం, ఇవే కారణమా? ఆమె చదువును నేను లాక్కున్నట్టేనా? నాకూ ఈ జబ్బు వస్తుందా? ఆమెను హైదరాబాదు తెచ్చుకుని నా దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నాను. మీరేమంటారు?

సమాధానం: మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన 30కి 15 అనే అంకెతో మొదలుపెడతాను. మీ అక్కకు వచ్చింది డిమెన్షియానో కాదో పూర్తిగా తేలకముందే మీరు దాని మూలాలు వెతుక్కుంటూ నిద్ర పోగొట్టుకుంటున్నారు.

ఆ 30 మార్కుల పరీక్ష బడికి వెళ్ళినవారిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. అందులో కాగితం మీద ఉన్న వాక్యం చదివి అలా చేయమంటారు, ఒక వాక్యం సొంతంగా రాయమంటారు, ఒకదాని మీదుగా ఒకటి పోయే రెండు పంచభుజుల బొమ్మను చూసి గీయమంటారు, 100లోంచి ఏడేసి చొప్పున తీసివేస్తూ పొమ్మంటారు. మూడో తరగతిలో బడి మాని, ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా పలక గాని పెన్ను గాని పట్టని మనిషికి ఇందులో చాలా మార్కులు ఏ జబ్బూ లేకుండానే పోతాయి. ఒకసారి నా దగ్గరికి డెబ్బై ఏళ్ళ వ్యవసాయ కూలీ ఒకామెను తీసుకొచ్చారు. పెన్ను చేతికిస్తే ఆమె దాన్ని కొడవలి పిడిని పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుని, కాసేపు బొమ్మ వంక చూసి, "నేను బడికి పోలే సారూ" అని బల్ల మీద పెట్టేసింది. అప్పుడు నాలుగు అగ్గిపుల్లలతో ఒక ఆకారం పేర్చి చూపించి, చెరిపేసి, మళ్ళీ పేర్చమన్నాను. తడుముకోకుండా పేర్చింది. ఆ ఏడు నాట్లకు ఎవరి పొలానికి ఎన్ని రోజులు వెళ్ళిందో, ఎవరి దగ్గర ఇంకా ఎంత కూలి రావాలో అడిగితే వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి చెప్పింది, పక్కనే ఉన్న కోడలు ఆ లెక్క సరిగ్గానే ఉందన్నది. ఆమె మందగొడితనానికి, మరుపుకు కారణం థైరాయిడ్ లోపమని రక్తపరీక్షలో తేలింది.

ఈ తేడా వైద్యులకు కొత్తది కాదు. హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువు రాని వృద్ధుల కోసం 1990లలోనే ఇలాంటి పరీక్షను మార్చి వాడారు. భారత వైద్య పరిశోధన మండలి కూడా మన భాషలను, చదువుల తేడాలను లెక్కలోకి తీసుకుని తెలుగుతో సహా ఐదు భాషల్లో జ్ఞాపకశక్తి పరీక్షలను సిద్ధం చేయించింది. హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట, నరాల వైద్య విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రుల్లో, "ఆమె చదువుకోలేదు, చదువు రానివారికి పెట్టే పరీక్ష పెట్టండి" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. చెవులు సరిగ్గా వినపడని మనిషికి నోటిమాటగా ప్రశ్నలు వేస్తే పోయే మార్కులు ఇంకొన్ని ఉంటాయి కాబట్టి, ముందు చెవుల సంగతి చూశాకే ఆ పరీక్షకు కూర్చోబెట్టమనండి.

అలాగని మీరు రాసిన లక్షణాలను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. నలభై ఏళ్ళుగా వండుతున్న కూరలో ఉప్పు లెక్క తప్పడం, ఎరిగిన దారి తెలియకపోవడం మార్కులకు సంబంధం లేని ఆధారాలు. ఒక మనిషి తనకు అలవాటైన పనిని మునుపటిలా చేయలేకపోవడమే ఈ జబ్బుకు అసలు గుర్తు, కాగితం మీద అంకె కాదు. అందువల్ల పరీక్షలు ఆలస్యం చేయకండి. అందులో మొదట వెతకవలసినవి నయమయ్యే కారణాలు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉందన్నారు. ఆమె వాడే మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే, ఏళ్ళ తరబడి వాడినప్పుడు అది ఒంట్లో విటమిన్ బి12ను తగ్గించగలదు. మాంసం, పాలు, గుడ్లు అంతంతమాత్రంగా తినేవారిలో ఆ లోపం ఇంకా ఎక్కువవుతుంది, బి12 లోపం మరుపును తెచ్చిపెడుతుంది. మందు వేసుకుని అన్నం తినడం మరిచిపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోయి, ఆ కాసేపు మనిషి తాను ఎక్కడున్నదీ తెలియని స్థితిలోకి పోతుంది. దారి తప్పిన రోజు ఆమె ఏం తిన్నదో కోడలిని అడిగి చూడండి. థైరాయిడ్ లోపం, రక్తంలో సోడియం తగ్గడం, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానం, నిద్రమాత్రలు, కొన్ని రకాల అలర్జీ మాత్రలు, భర్త పోయిన తర్వాత ఎవరూ పట్టించుకోని దిగులు, వీటిలో ప్రతి ఒక్కటీ మతిమరుపులా కనిపించగలదు. రక్తపరీక్షలు, తలకు స్కానింగ్, మాత్రల చీటీలన్నీ ఒకచోట పెట్టి ఒక్క వైద్యుడు చూడడం, ఇంతవరకు ముందు జరగాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. మీరు చదివింది నిజమే. బాల్యంలో లేమిని చవిచూసినవారిలో పెద్ద వయసులో డిమెన్షియా ఎక్కువగా కనిపిస్తోందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిని రాష్ట్రాలవారీగా పరీక్షించి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం వారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అది మగవారిలో కంటే ఆడవారిలో, పట్నాల్లో కంటే పల్లెల్లో, చదువుకున్నవారిలో కంటే చదువు లేనివారిలో ఎక్కువ. ఈ మూడు మాటలూ కలిపి చదివితే మీ అక్క తరం ఆడపిల్లలే కళ్ళముందు నిలబడతారు. ఆమె పుట్టిన రోజుల్లో, 1961 జనగణన నాటికి, దేశంలో చదవడం, రాయడం వచ్చిన ఆడవారు నూటికి 15 మందే.

అయితే పేదరికం మెదడును నేరుగా తాకి జబ్బు పుట్టించదు. అది ఒంట్లోకి, బతుకులోకి చాలా దారుల్లో వస్తుంది. ఆ దారులేమిటో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ మీరు చేయగలిగినవన్నీ వాటిలోనే ఉన్నాయి. మొదటిది తిండి. అయిదేళ్ళు నిండేసరికి మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి పెరిగిపోతుంది. ఆ వయసులో కడుపునిండా తిండి లేకపోతే ఆ లోటు ఎత్తులోనూ, ఎముకల్లోనూ కనిపిస్తుంది. చెన్నై, వేలూరులతో పాటు లాటిన్ అమెరికా, చైనాలలో వృద్ధులను కొలిచి చూసిన ఒక పెద్ద పరిశోధనలో తల చుట్టుకొలత, కాళ్ళ పొడవు ఎక్కువగా ఉన్నవారిలో డిమెన్షియా కొంత తక్కువగా కనిపించింది. మీరు టేపు తీసుకుని మీ అక్క తలను కొలవవద్దు. అది సమూహాలకు పనికొచ్చే గుర్తే గాని, ఒక మనిషి భవిష్యత్తు చెప్పే కొలత కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, గర్భంలోనూ పసితనంలోనూ తిండి చాలని ఒళ్ళు ఆ తర్వాత షుగర్‌కు, రక్తనాళాల జబ్బులకు ఎక్కువగా లోనవుతుంది. పుణేలో యాజ్ఞిక్ గారి బృందం, ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. మన దగ్గరే, 1987 నుంచి 1990 వరకు రంగారెడ్డి జిల్లాలోని కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది, పక్క ఊళ్ళకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వారితో కలిసి పనిచేసినవారు ఆ పిల్లలు యుక్తవయసుకు వచ్చాక వెళ్ళి చూస్తే, ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు, వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, ధమనులు తక్కువ బిరుసుగా ఉన్నాయి. మెదడుకు రక్తం మోసుకుపోయేవి ఆ ధమనులే.

రెండో దారి బడి. చదువుకున్న మెదడుకు జబ్బు రాదని కాదు, లోపల కణాలు దెబ్బతింటున్నా మరికొంతకాలం పని నెట్టుకురాగల నిలవ దానికి ఉంటుంది. కరువు ఏడాది గాదెలో మిగిలిన గింజల్లాంటిది ఆ నిలవ. మూడోది పని. మీ అక్క ఏళ్ళ తరబడి కంకర కొట్టిందని మీరు మామూలుగా రాసేశారు గాని, నాకు ఆ ముక్క మీ ఉత్తరమంతటిలో బరువైనదిగా అనిపించింది. రాయి మీద సుత్తి దెబ్బలు, పక్కనే పేలుళ్ళు, వాటి మధ్య పగలంతా గడిపిన పిల్ల చెవులు తర్వాత మొద్దుబారితే అది వయసు వల్ల మాత్రమే కాకపోవచ్చు. దానికి తోడు కట్టెల పొయ్యి పొగ, బీపీ ఉందని తెలిసినా మందుకు డబ్బు, తీరిక లేని సంసారం, భర్త పోయాక పగలంతా ఒంటరితనం. ఇవన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. బడి పోవడం వల్ల రాళ్ళపని, రాళ్ళపని వల్ల వినికిడి లోపం, వినపడక నలుగురిలో కూర్చోవడం మానేయడం. అధ్యయనాల్లో పెద్దయ్యాక వచ్చే చదువు, సంపాదన, బీపీ, షుగర్ వంటివి లెక్కలోకి తీసుకున్నప్పుడు బాల్య పేదరికం ప్రభావం చాలావరకు తగ్గిపోవడానికి కారణం ఇదే. కొన్నింటిలో కొంత అలాగే మిగులుతుంది, దాన్ని కాదనలేం. ఆ మిగిలిన భాగాన్ని మనం వెనక్కి తిప్పలేం. తక్కిన దారుల్లో కొన్ని ఇంకా మన చేతిలో ఉన్నాయి.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 14 కారణాలను గుర్తించి, వాటిని సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను రాకుండా గాని, ఆలస్యంగా వచ్చేలా గాని చేయవచ్చని అంచనా వేసింది. ఆ 45లో చిన్ననాటి చదువు లోపం వాటా 5. వినికిడి లోపం వాటా 7, చెడు కొలెస్ట్రాల్‌ది 7, ఒంటరితనానిది 5. ఇవి జనమందరికీ కలిపి వేసిన లెక్కలు, మీ అక్క జబ్బులో ఏది ఎంత అని విడదీసి చెప్పడానికి పనికిరావు. ఆ మాట ఏ వైద్యుడూ చెప్పలేడు, చెప్పినా నమ్మకండి. కాని వెనక్కి పోయి అందుకోలేని బడి కంటే, వచ్చే వారమే చూపించగలిగిన చెవి పెద్ద అంకెగా ఉందని మాత్రం మీరు గమనించాలి.

అందుకే చెవి, కన్ను, బీపీ, షుగర్ ఈ నాలుగింటి దగ్గర పట్టుగా ఉండండి. చెవిలో గుమిలి గడ్డకట్టి ఉంటే అది తీయించడంతోనే కొంత మెరుగుపడవచ్చు. లేకుంటే వినికిడి పరీక్ష చేయించి యంత్రం పెట్టించండి. అమెరికాలో దాదాపు వెయ్యి మంది మీద మూడేళ్ళ పాటు చేసి 2023లో ప్రకటించిన అధ్యయనంలో, మొత్తం మీద చూస్తే యంత్రం వల్ల తేడా కనిపించలేదు గాని, గుండె, రక్తనాళాల ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. షుగర్, బీపీ ఉన్న మీ అక్క ఆ రెండో గుంపుకే దగ్గర. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్ళు దాటినవారికి వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 నుంచి ఉంది. దాని గురించి, ఇతర సాయం గురించి వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేసి అడగవచ్చు. కళ్ళలో శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి. బీపీ మాత్ర మరిచిపోతోందని ఆమెను కోప్పడి లాభం లేదు, మరిచిపోవడమే కదా ఇక్కడ జబ్బు. పొద్దున కోడలు పొలానికి పోయేముందు తన చేత్తో ఇచ్చి, మింగాక కదలాలి. షుగర్ మాత్ర అన్నానికి ముందు వేయాలో, తర్వాత వేయాలో వైద్యుణ్ణి అడిగి ఆ కోడలికే చెప్పండి, మీకు కాదు.

మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట ఒకటుంది, ఆమె కన్నడ, తెలుగు రెండూ మాట్లాడుతుందని. హైదరాబాదులో నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దాని ప్రకారం, ఒక్క భాషే వచ్చినవారి కంటే రెండు భాషలు వచ్చినవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలో కూడా ఆ తేడా కనిపించింది. దాన్ని నేను మందులా చెప్పడం లేదు. బడి ఇవ్వని నిలవను బతుకు వేరే చోట నుంచి కొంత కూడబెట్టి ఉండవచ్చునని మాత్రమే అంటున్నాను. ఆమెతో కన్నడ మాట్లాడే పాత స్నేహితురాళ్ళు ఎవరైనా ఉంటే వారానికి రెండుసార్లయినా వచ్చి కూర్చోమనండి.

ఆమె చదువును మీరు లాక్కున్నారా అని అడిగారు. మీరప్పుడు నడక రాని పసివాడు. ఆ నిర్ణయం మీది కాదు, మీ అమ్మానాన్నలది కూడా పూర్తిగా కాదు. పని చోట పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు ఏదీ లేని కూలి బతుకులో, ఇద్దరు చేస్తేనే నలుగురు తినగలిగినప్పుడు, ఎవరో ఒకరి బడి పోతుంది. ఆ రోజుల్లో అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లదే. ఇది అన్యాయం, నేను దాన్ని మెత్తటి మాటలతో సర్దిచెప్పను. కాని అన్యాయం చేసిన చెయ్యి చంటిపిల్లవాడిది కాదు. మీకు ఆమె పట్ల ఉన్నది అప్పు అనుకుంటే, అది తీరేది నిద్ర మానుకోవడం వల్ల కాదు.

మీ సంగతికి వస్తే, అక్కకు వచ్చినంత మాత్రాన మీకూ వస్తుందని లేదు. మీరు ఆమె లాగే ఆకలితో మొదలుపెట్టినా, హాస్టల్ తిండి, చదువు, కూర్చుని చేసే ఉద్యోగం మీ దారిని మార్చాయి. ఆ కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. 40 దాటినప్పటి నుంచే బీపీ పై అంకె 130 లోపల ఉండేలా చూసుకోవాలంటారు, మీకిప్పుడు 57. ఎప్పుడు కొలిపించుకున్నారో మీరు రాయలేదు. కొలెస్ట్రాల్, షుగర్ కూడా చూపించుకోండి. రోజూ నడవండి, పొగ అలవాటుంటే మానండి. చిన్నప్పుడు చిక్కి ఉన్నవారు పెద్దయ్యాక పొట్ట చుట్టూ బరువు పెంచుకుంటే షుగర్ ముప్పు మరీ ఎక్కువ.

హైదరాబాదు తెచ్చుకోవడం గురించి నేను వెంటనే సరేననలేను. పరీక్షల కోసం పది రోజులు తీసుకురండి. కాని మరుపు మొదలైన మనిషికి ఎరిగిన గడప, ఎరిగిన వాడ, పలకరించే గొంతులే సగం జ్ఞాపకం. అరుగు మీద కూర్చున్న మీ అక్కను ఎవరో గుర్తుపట్టి ఇంటికి చేర్చే ఉంటారు కదా, అపార్ట్‌మెంట్ల మధ్య దారి తప్పితే ఆ పని చేసేదెవరు? పగలంతా మీ ఇల్లు తాళం వేసి ఉంటే ఆమె ఒంటరితనం తగ్గకపోగా పెరుగుతుంది. ఊళ్ళో ఆమెకు తోడుగా ఒక మనిషిని పెట్టి ఆ ఖర్చు మీరు భరించడం, కోడలి పొలం పని కొంత తగ్గేలా చూడటం, నెలకొకసారి మీరు వెళ్ళడం ఎక్కువ మేలు చేయవచ్చు. ఎప్పటికైనా తీసుకురావలసి వస్తే, ఆమె కొత్త చోటును నేర్చుకోగలిగిన స్థితిలో ఉండగానే తీసుకురండి.

ఇంకొక్క సంగతి. మీ ఉత్తరంలో మీ భయం ఉంది, మీ బాధ ఉంది, వైద్యుడి మాట ఉంది. మీ అక్క చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు. ఆమెకు తన మరుపు తెలుసా, దాని గురించి ఏమనుకుంటోంది, ఎక్కడ ఉండాలనుకుంటోంది, తన పేర భూమి గాని, బ్యాంకులో డబ్బు గాని ఉంటే ఎవరు చూసుకోవాలనుకుంటోంది, ఇవన్నీ ఆమె స్పష్టంగా చెప్పగలిగిన రోజులు ఇవే. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆమె బాగా వినగలిగే చెవి వైపు కూర్చుని, ఒక్కొక్కటిగా, నెమ్మదిగా అడగండి. పొద్దుటి పూట అడగండి, అలసిపోయిన సాయంత్రం వద్దు.